రికార్డు గది ధర్మము: ఈమెయిలు పెట్టెను చక్కపెట్టుకొను విధము

1978వ సంవత్సరమున నేనొక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన తొలి వారముననే, తలకు తుండుగుడ్డ చుట్టి, ముక్కునకు చేతిరుమాలు కట్టుకొని, ఎఱ్ఱగుడ్డ కట్టల నడుమ దుమ్ము దులుపుచుండిన వృద్ధుడొకడు, అచ్చటి రికార్డు కీపరు, నేనడుగకయే నాకొక మాట చెప్పెను. "కాగితం దాచడం ఎవడికైనా వస్తుంది బాబూ. ఏది తియ్యాలో తెలిసినవాడే కీపరు." పరీక్ష గట్టెక్కి, చొక్కా నలుగకుండ కచేరీకి వచ్చుచుండిన ఆ వయసున ఆ మాట నాకు చాదస్తముగా తోచెను. ముప్పదినాలుగేండ్ల కొలువు ముగించుకొని ఇంట కూర్చుండిన పిదప, నా ఈమెయిలు పెట్టె నిండిపోయి క్రొత్త ఉత్తరమొక్కటియు లోనికి రాని దినమునగాని దాని అర్థము నాకు బోధపడలేదు.

ఆనాడు జరిగినదానిని దాచక చెప్పెదను. ఏలయనగా ఈ అధ్యాయమున చెప్పబోవు పద్ధతి యంతయు నా యొక్కనాటి తెలివితక్కువతనము నుండియే పుట్టినది. ఉదయమున హైదరాబాదు నుండి మేనకోడలు ఫోను చేసి, "మామయ్యా, పంపింది పంపినట్టే తిరిగొచ్చేస్తోంది. మీ మెయిల్ నిండిపోయిందట" అని చెప్పెను. నాకు రోషము కలిగినది. నేనప్పుడు మా ఊరి స్థలమున చిన్న యిల్లు కట్టించు ప్రయత్నమున నుంటిని. ఇంజనీరునకును నాకును నడుమ నడచిన ఉత్తరములలో ఇంటి ప్లాను 13 మార్లు వచ్చియుండెను. ఒకదాని పేరు 'ప్లాను'. వేఱొకదాని పేరు 'ప్లాను చివరిది'. మఱియొకటి 'చివరిది రెండు'. ఇంకొకటి 'అసలు చివరిది'. ఒక్క వస్తువును పదుమూడు చోట్ల దాచుట అవివేకమని నిశ్చయించి, అన్నిటికంటె పైనున్న దానిని మిగిల్చి, తక్కిన పండ్రెండింటిని ఒక్క వ్రేటున తుడిచివేసితిని.

నాలుగు వారములు గడచినవి. మేస్త్రి ముగ్గు పోయుటకు వచ్చి ప్లాను అడుగగా, మిగిల్చిన దానిని తీసి చూపితిని. అతడు దానిని అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచి, "మెట్లు ఇటుపక్కకి ఎప్పుడొచ్చాయండీ?" అనెను. ఏదో సందేహము తీర్చుటకై ఇంజనీరు మరల పంపిన తొలినాటి చిత్తు పైకి వచ్చి కూర్చుండగా నేను దానినే మిగిల్చితిని. పురపాలక సంఘము ఆమోదించిన ప్లాను తుడిచివేసిన వానిలో పోయినది. జీమెయిలులో తుడిచివేసిన ఉత్తరము 30 దినములు ట్రాష్‌లో నుండి, పిమ్మట తనంతట తాను నశించును. అది 28వ దినము. ఆ రెండు దినముల గడువే నా యింటి మెట్లను కాపాడినది.

రెండు దోషములు, ఒక్క మూలము

ఉత్తరముల పెట్టె విషయమున మనుష్యులు రెండు తెగలవారై కనబడుదురు. ఎప్పటికి ఏది అక్కఱకు వచ్చునో యను భయముచేత, పదేండ్ల నాటి చీరల దుకాణపు ప్రకటననైనను తీయక దాచువారు కొందఱు. విసుగు పుట్టిన దినమున, మంచిచెడ్డలు విచారింపక, పేజీలకు పేజీలు తుడిచివేయువారు మఱికొందఱు. పైకి పరస్పరవిరుద్ధములుగా తోచు ఈ రెండు స్వభావములకును మూలమొక్కటియే: పత్రమును విప్పి చూచుటకు బద్ధకించుట. దాచువాడును చూడడు, పాఱవేయువాడును చూడడు. నేను ఏండ్ల తరబడి మొదటి తెగలో నుండి, ఒక్క ఉదయమున రెండవ తెగలోనికి దుమికితిని. చూడనివాడు చూడనివాడుగనే మిగిలితిని.

కావున చదువరి మొదట నేర్వవలసిన సూత్రమిది: ఏ పత్రము ఏల మిగిలినదో చెప్పగలిగిననాడే దాని తోడి పత్రమును తీసివేయు అధికారము మనకు లభించును.

ఒక్క పత్రము పదియగుట ఎట్లు?

నకళ్ళు ఎట్లు పుట్టునో తెలియనిచో, ఎంత తుడిచినను అవి మరల మొలచుచునే యుండును. 1992 మార్చి 11వ తేదీన నతానియల్ బోరెన్‌స్టైన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, తానును మిత్రులును కూడి పాడు నలువురి గాయకబృందపు ఛాయాచిత్రమును, వారి పాటను ఈమెయిలునకు జతచేసి పంపెను. అతడును నెడ్ ఫ్రీడును కలసి రూపొందించిన 'మైమ్' అను ఆ యేర్పాటే నేటికిని మన అటాచ్‌మెంట్లన్నిటికి ఆధారము. అక్షరములను మాత్రమే మోయుటకు పుట్టిన తపాలాలో చిత్రములను, పాటలను మోయించుటకై, వానిని సైతము అక్షరములుగా మార్చి పంపుట అందలి కిటుకు. ప్రతి మూడు బైట్లను నాలుగు అక్షరములుగా వ్రాయుటచేత, మన కంప్యూటరులో 9 మెగాబైట్లుగా నున్న దస్తావేజు ఉత్తరమున చేరునప్పటికి సుమారు 12 మెగాబైట్లగును. అనగా ఉత్తరముల పెట్టెలో దాచిన ప్రతి పత్రమును తన అసలు బరువునకు మూడవ వంతు అదనముగా అద్దె చెల్లించుచుండును.

ఇక ఆ యేర్పాటున అటాచ్‌మెంటు ఉత్తరపు దేహముననే యుండును గాని వేఱొకచోట నుండదు. పింఛనుదారుల సంఘము కార్యదర్శి కరవుభత్యపు జీ.వో. నొకదానిని స్కాను చేసి పంపినాడనుకొందము. అది నాకు వచ్చినది. అది నాకు రాలేదేమో యను ప్రేమతో ఇద్దఱు మిత్రులు మరల పంపిరి. నేనొక బావమఱదికి పంపగా సెంట్ పెట్టెలో నాలుగవది చేరినది. చదువుటకై దింపుకొనగా డౌన్‌లోడ్స్‌లో ఐదవది. దింపిన సంగతి మఱచి వారము తర్వాత మరల దింపగా, పేరు చివర కుండలీకరణములలో 1 అంకె తగిలించుకొని ఆఱవది. సాధారణముగా జవాబు వ్రాసినపుడు అటాచ్‌మెంటు వెంట రాదు. ఇతరులకు పంపినపుడు మాత్రము తప్పక వచ్చును. కావున నకళ్ళను వెదకువాడు మొదట వెదకవలసినది 'ఫార్వర్డు' ఉత్తరములలోను, ఎవరును తొంగిచూడని సెంట్ పెట్టెలోను.

అటాచ్‌మెంట్లే కాక, ఒక్కొక్కప్పుడు ఉత్తరములే జంటలుగా కనబడును. 'పాప్' పద్ధతిలో ఉత్తరములను కంప్యూటరులోనికి దింపుకొనుచు, సర్వరునందును ఒక ప్రతి ఉంచుమని ఆదేశించినవారికి, ఏయే ఉత్తరములు దింపబడినవో వ్రాసికొను చిన్న పట్టిక చెడినచో, పాత ఉత్తరములన్నియు మరల దిగివచ్చును. ఇట్టి జంటలను గుర్తించుట సులభము. ప్రతి ఉత్తరపు శీర్షములోను దానికే చెందిన 'మెసేజ్ ఐడి' యను గుర్తు సాధారణముగా నుండును. ఆ గుర్తు రెండింటను ఒకటియే యైనచో అది ఒకే ఉత్తరమని తలపవచ్చును.

నకలు వేఱు, పాఠాంతరము వేఱు

నా ప్లాను విషయమున నేను చేసిన పొరపాటు ఏమనగా, పేరు ఒకటియైనచో వస్తువు ఒకటియే యని నమ్ముట. ఈ పొరపాటు చేయనివాడు మన భాషకు ఉపకారియైన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన కడపలో బంగళా కొని, జీతములిచ్చి పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని వ్రాతప్రతులను సేకరించి, వానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్పించి, పాఠభేదములను గుర్తింపించి, శుద్ధప్రతులను సిద్ధము చేయించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యములకు వెనుక ఇట్టి పరిశ్రమయే కలదు. ఒకే పేరుగల ప్రతులను చూచి, ఒక్కటి చాలునని తక్కిన వానిని త్రోసిపుచ్చియుండినచో, లేఖకుల తప్పులలో ఏ ప్రతి ఆయన చేతికి చిక్కెడిదో చెప్పజాలము.

మన పనికిని ఆ పరీక్షయే తగినది. అది మూడు మెట్లుగా నుండును. మొదట పత్రముల పరిమాణమును బైట్లలో చూడవలయును. అది భిన్నమైనచో పేరు ఒకటియైనను ఫైళ్ళు రెండు. పరిమాణము సమానమైనచో రెండవ మెట్టున ఫైలు వ్రేలిముద్రను పోల్చవలయును: 'ఎస్‌హెచ్‌ఎ-256' అను గణితపద్ధతి, ఫైలు ఎంత చిన్నదైనను ఎంత పెద్దదైనను, దానికి 64 అక్షరాంకముల ముద్ర నొకదానిని ఇచ్చును, లోపల ఒక్క చుక్క మాఱినను ముద్ర యంతయు మాఱిపోవును. నకళ్ళను వెదకు సాఫ్టువేరులలో పెక్కు ఇట్టి ముద్రలనే పోల్చును. ముద్రలు కలసినచో సందేహింపక ఒకదానిని తీసివేయవచ్చును. కలియనంత మాత్రమున రెండింటను విషయము వేఱని మాత్రము తలపరాదు. ఒకే దస్తావేజును రెండు మార్లు స్కాను చేసినను ముద్రలు వేఱగును. అచ్చట మూడవ మెట్టు తప్పదు: రెండింటిని తెఱచి, ప్రక్కప్రక్కన నుంచి, స్పష్టముగా నున్నదానిని, పుటలన్నియు గలదానిని మిగుల్పవలయును. ఈ మూడవ మెట్టును ఏ యంత్రమునకును అప్పగింపవలదని నా మనవి.

నాలుగు కట్టలు

మద్రాసు రాష్ట్రపు కాలమునుండి వచ్చిన కచేరీ సంప్రదాయమున, ఫైలు ముగిసిన దినముననే దాని ఆయుర్దాయము నిర్ణయింపబడెడిది. ఆర్.డిస్. అని వ్రాసినది శాశ్వతము, డి.డిస్. అనినది పదేండ్లు, కె.డిస్. అనినది మూడేండ్లు, ఎల్.డిస్. అనినది ఒక్క యేడు. ఫైలు పుట్టువునాటి కష్టమును, దానిపై సంతకము చేసిన అధికారి గొప్పతనమును ఈ నిర్ణయమున ఎవరును లెక్కింపరు. ఇకమీదట ఎవరికి, ఎంతకాలము, దేనికి కావలయునన్నదే ప్రశ్న. నేను నా ఉత్తరముల పెట్టెలో ఈ నాలుగు పేర్లతోనే నాలుగు ఫోల్డరులను ఏర్పఱచుకొంటిని. చదువరి తనకు నచ్చిన పేర్లు పెట్టుకొనవచ్చును. సంఖ్య మాత్రము నాలుగునకు మించనీయరాదు. ఫోల్డరులు నలువది యైనచోట ఏది ఎందులో వేయవలెనో తేలక, అన్నియు ఇన్‌బాక్సులోనే మిగిలిపోవును.

శాశ్వతపు కట్టలో ఉండదగినవి: స్థిరాస్తి దస్తావేజులు, పింఛను మంజూరు ఉత్తర్వు, విద్యార్హత పత్రములు, ఆమోదము పొందిన ఇంటి ప్లాను, ఆత్మీయులు స్వయముగా వ్రాసిన ఉత్తరములు. పదేండ్ల కట్టలో ఆదాయపుపన్ను రిటర్నులు, ఫారం 16లు, తీరిపోయిన అప్పుల రసీదులు. మూడేండ్ల కట్టలో వస్తువుల గ్యారంటీ పత్రములు, ఇంటి మరమ్మతుల బిల్లులు. ఒక్క యేటి కట్టలో కరెంటు బిల్లులు, ప్రయాణపు టిక్కెట్లు, ఏటేట క్రొత్తది వచ్చు జీవన ప్రమాణపత్రపు రసీదు. ప్రభుత్వమే ప్రకటించు జీ.వో.లు మన పెట్టెలో ఏడాదికి మించి యుండవలసిన పనిలేదు. ఇది శాసనము కాదు, వివేకము. వ్యాజ్యము నడచుచున్నవాడు దానికి సంబంధించిన పత్రములన్నింటిని, వ్యాజ్యము తేలువఱకు, శాశ్వతపు కట్టలోనే యుంచవలయును.

పని నడపవలసిన క్రమము

క్రమము తప్పినచో మంచి పనియు హాని చేయును. కావున ఈ క్రింది వరుసను పాటింపుడు.

మొదటిది, తుడుచుటకు ముందు సమగ్రమగు ప్రతి నొకదానిని వెలుపలి డిస్కులోనికి ఎత్తి యుంచుట. జీమెయిలు వాడువారికి 'గూగుల్ టేకవుట్' ఈ యుపకారము చేయును. 'ఐమాప్' పద్ధతిలో ఉత్తరములు ఫోనులోను, కంప్యూటరులోను రెండు చోట్ల కనబడుచున్నవి గదా యని ధైర్యపడరాదు. అది ఒక్క వస్తువునకు రెండు కిటికీలు మాత్రమే. ఫోనులో తుడిచినది కంప్యూటరులోను మాయమగును.

రెండవది, బరువైన వానితో ఆరంభించుట. వేల ఉత్తరములలో ఒక్కొక్క చిన్న ఉత్తరమును తుడుచుచు కూర్చుండువాడు సాయంకాలమునకు అలసిపోవును గాని పెట్టె తేలికపడదు. జీమెయిలు శోధన పెట్టె చివరనున్న గుర్తును నొక్కినచో వచ్చు పట్టికలో, అటాచ్‌మెంటు గలవి, 10 మెగాబైట్లకు మించినవి, ఫలానా తేదీకి ముందువి అని కోరవచ్చును. థండర్‌బర్డ్ అను ఈమెయిలు సాఫ్టువేరులో పరిమాణపు నిలువుగడిని చేర్చి దానిపై నొక్కినచో ఉత్తరములు బరువు వరుసన నిలుచును. జీమెయిలు ఉచితముగా ఇచ్చు 15 గిగాబైట్ల చోటు ఉత్తరములకే కాక డ్రైవునకును, ఫోటోలకును కలిపియే యని యెఱుంగుడు. పెట్టె నిండుటకు కారణము ఒక్కొక్కప్పుడు ఉత్తరములు గాక మనుమరాలి వీడియోలే కావచ్చును.

మూడవది, పత్రమును వెలికితీసి, ఉత్తరమును మిగుల్చుట. చాలసార్లు మనకు కావలసినది ఉత్తరములోని నాలుగు మాటలు; బరువు మాత్రము దాని వెంటనున్న అటాచ్‌మెంటుది. థండర్‌బర్డ్‌లో అటాచ్‌మెంటుపై మౌసు కుడిమీట నొక్కినచో, దానిని కంప్యూటరులో భద్రపఱచి ఉత్తరమునుండి విడదీయుటకు 'డిటాచ్' అనియు, ఊరక తీసివేయుటకు 'డిలీట్' అనియు రెండు మార్గములు కలవు. జీమెయిలు వెబ్ పుటలో ఇట్టి వసతి లేదు. అచ్చట ఉత్తరమును, అటాచ్‌మెంటును కలసియే బ్రతుకును, కలసియే పోవును. పైగా అచ్చట ఒక సంభాషణలోని ఉత్తరములన్నియు ఒకే వరుసగా పేర్చబడియుండుటచేత, జాబితాలో ఆ వరుసను ఎంచి తుడిచినచో అన్నియు పోవును. నా పండ్రెండు ప్లానులు పోయినది ఈ త్రోవనే.

నాలుగవది, చోటును నిజముగా విడిపించుట. జీమెయిలు ట్రాష్‌లో నున్నంతకాలము ఉత్తరము చోటు నాక్రమించియే యుండును. థండర్‌బర్డ్ సాధారణముగా ఒక ఫోల్డరులోని ఉత్తరములన్నింటిని ఒక్క పెద్ద ఫైలుగా వ్రాయును. తుడిచిన ఉత్తరముపై తుడిచినట్లు గుర్తు పడును గాని, 'కంపాక్ట్' జరుగువఱకు అది ఆ ఫైలులో కదలక యుండును. ఔట్‌లుక్ పాత పి.ఎస్.టి. ఫైళ్ళు దాచుకొన్నవారు మఱింత జాగ్రత్త వహింపవలయును. 2002 నాటి సంచిక వఱకు ఆ ఫైలునకు 2 గిగాబైట్ల హద్దుండెడిది, దానిని దాటినవి చెడిపోయెడివి. వానినుండి ముందుగా ప్రతి ఎత్తి, అటుపిమ్మటనే చక్కదిద్దవలయును. ట్రాష్‌ను మాత్రము ఆ దినముననే ఖాళీ చేయవలదు. ఒక వారమైన ఆగుడు. మీకును మేస్త్రి యొకడు రావచ్చును.

అలవాటు

ఇంత పనియు ఒక్కనాట ముగించుటకు పూనుకొనువాడు రెండవనాడు దానివంక చూడడు. నేను నెలకొక ఆదివారము అరగంట మాత్రమే కూర్చుందును. ఏటేట భోగికి ముందు వారము ఒక్క యేటి కట్టను విప్పి, జాబితా చూచి తీసివేయుదును. ఇతరులకు పెద్ద పత్రము పంపవలసినపుడు అటాచ్‌మెంటునకు మాఱుగా డ్రైవులోని లంకెను పంపుదును. అది నా పెట్టెకును, పుచ్చుకొనువాని పెట్టెకును మేలు. అన్నిటికంటె ముఖ్యముగా, పత్రమునకు పేరు పెట్టునపుడు 'చివరిది' యను మాటను వాడుట మానివేసితిని. ప్రతి పత్రమునకును ముందు సంవత్సరము, నెల, తేదీ వ్రాసి, పిమ్మట విషయమును, ఆమోదము పొందినచో ఆ మాటను చేర్చుదును. తేదీ అబద్ధమాడదు, 'చివరిది' యను మాట మఱునాటికే అబద్ధమగును.

1985లో తాలూకాలు పోయి మండలములు ఏర్పడినపుడు, మా రికార్డు గదిని పంచవలసి వచ్చినది. కొన్ని సెక్షన్ల కట్టలు ఎవరికిని అర్థము కాక నెలల తరబడి వరండాలో పడియుండినవి. ఆ వృద్ధుడు అప్పటికే పదవీ విరమణ చేసి వెళ్ళిపోయియుండెను. ఐనను అతడు సవరించిన బీరువాలు రెండు దినములలో విడివడి, ఆయా మండలములకు బండి యెక్కినవి. అతడు తీసివేసినదానిని తలచుకొని ఆ రెండు దినములలో ఎవరును వగవలేదు. మిగిల్చినదానికై వెదకులాడవలసిన పనియు ఎవరికిని కలుగలేదు.

మొన్న మేనకోడలు బ్యాంకు ఋణమునకై మా యింటి ప్లాను కావలయునని అడిగెను. ఆమె ఫోను పెట్టివేయకమునుపే వెదకి పంపితిని. తెఱచి చూచుచు, అలవాటుచొప్పున, "మామయ్యా, ఇది చివరిదేనా?" అని సందేహించినది.

"ఇదొక్కటే ఉందమ్మా" అంటిని.